ఆపే మనిషిని ముందే పెట్టుకోండి

హైదరాబాదు బార్కస్‌లో షవ్వాల్ అంటే పెళ్ళిళ్ళ నెల. రంజాన్ అంతా ఆగిన నిఖాలు ఈద్ దాటగానే వరస కడతాయి. 2023లో ఈద్ ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అంటే మూడేళ్ళ పాటు పెళ్ళిళ్ళ సీజనూ తెలంగాణ గాలివానల సీజనూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పగలంతా మాడు పగిలే ఎండ, సాయంత్రానికి నల్లమబ్బు, రాత్రికి ఉరుములు. బరాత్ బయల్దేరేది కూడా సరిగ్గా ఆ రాత్రి పూటే.

బరాత్ ముందు మోగేది మర్ఫా. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల వారసుల పేట బార్కస్. వాళ్ళూ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ హైదరాబాదుకు ఇచ్చిన వాద్యమిది. గిన్నెలాంటి మర్ఫా, చేతిలో డఫ్, మెడలో డోలు, చెక్క బద్దలు, స్టీలు బిందె. మనం ప్రతి ఊరేగింపులోనూ చిందేసే తీన్మార్ ఈ దరువులోంచి పుట్టిందే. ఇంత చప్పుడు నాలుగడుగుల దూరంలో మోగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు.

మరి ఉరుము వినబడుతుందా?

ఈ అధ్యాయం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మీరు వాయిద్యగాళ్ళు కావచ్చు, పెళ్ళి చేసే తండ్రి కావచ్చు, కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీ చూసుకునే కుర్రాళ్ళు కావచ్చు. బ్యాండు మోగుతుండగా మెరుపు మెరిస్తే ఏం చేయాలో నేర్చుకోండి. దాంతోపాటు, మంచి ఊపులో ఉన్న పనిని సమయానికి ఎలా ఆపాలో కూడా తెలుస్తుంది. మనలో చాలామందికి మొదలుపెట్టడం వచ్చు, కొనసాగించడం వచ్చు. ఆపడమే రాదు.

లయలో ఉన్నవాడికి ఉరుము వినబడదు

బరాత్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో మర్ఫా వాళ్ళు. వాళ్ళ చుట్టూ కర్రలు తిప్పుతూ ఆడే కుర్రాళ్ళు. రెండు పక్కలా భుజాల మీద ఎత్తైన లైట్లు మోస్తూ నడిచే కూలీలు. ఒక లైటు నుంచి ఇంకో లైటుకు తీగ, ఆ తీగ చివర తోపుడు బండి మీద డబడబలాడే జనరేటర్. పైన పటాకుల వెలుగులు. ఫోన్ల ఫ్లాష్‌లు. ఇంత వెలుగులో ఆకాశం మెరిసినా పటాకే అనుకుంటారు. ఇంత మోతలో ఉరిమినా డోలే అనుకుంటారు.

ఎవరో ఒకరు గమనించి ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, ‘మెరుస్తోంది, జర ఆపుదామా?’ అంటారు. పెళ్ళికొడుకు చాచా అడ్డం వస్తాడు: ‘అరె, చినుకైనా పడలేదు భాయ్. దూల్హా గేటు దాకా వచ్చేదాకా కొట్టండి.’ ఉస్తాద్ ఇద్దరినీ చూస్తాడు. మాట చెప్పినవాడు ఎవరో దారిన పోయేవాడు. అడ్డం వచ్చినవాడు డబ్బులిచ్చేవాడు. దరువు ఆగదు.

ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. చాచాకు పెళ్ళి కళ తప్పకూడదన్న తపన. ఉస్తాద్‌కు మిగతా సగం డబ్బు రావాలన్న భయం. కుర్రాళ్ళకు ఆట మత్తు. లైటు కూలీకి నోరెత్తితే రేపు పని దొరకదేమోనన్న దిగులు. ఎవరి లెక్క వాళ్ళకు సరైనదే. అన్నీ కలిస్తే మాత్రం తప్పు.

విమానయాన భద్రతా నిపుణులు దీన్ని ఏనాడో గుర్తించారు. గమ్యం దగ్గరపడే కొద్దీ, ఎదురుగా వాతావరణం పాడవుతున్నా, పైలట్‌కు అనుకున్న దారినే పోవాలనిపిస్తుంది. ‘ఇంత దూరం వచ్చాం, ఇంకెంత!’ అనే ఆ ఊపు తెలివైనవాళ్ళను కూడా లాక్కుపోతుంది. బరాత్ కూడా గేటుకు వంద గజాల దూరంలో ఉన్నప్పుడే ఆపడానికి అస్సలు మనసొప్పదు.

అందుకని ఈ అధ్యాయంలోని అసలు మాట ఇది: ఆపాలా వద్దా అన్న నిర్ణయాన్ని మెరుపు మెరిసినప్పుడు తీసుకోకండి. మబ్బు లేని రోజునే తీసుకోండి. మెరుపు మెరిసినప్పుడు చేయాల్సింది ఆ నిర్ణయాన్ని అమలు చేయడం ఒక్కటే.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ పద్ధతి మీద ఏళ్ళ తరబడి పని చేసి 1999లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ‘జాగ్రత్తగా ఉంటాను’ అనే సంకల్పం కంటే ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే కట్టుకున్న మాట ఎక్కువగా అమలవుతుందని ఆయన చూపించారు. ఆ మాటను ఐదు ముక్కలుగా కట్టుకోవాలి.

ఒకటి: గుర్తు అంకెలో ఉండాలి

‘బాగా మెరిస్తే ఆపుదాం’ అనేది మాట కాదు. బాగా అంటే ఎంత? చాచాకు ఒకంత, మీకు ఒకంత. అక్కడే వాదన మొదలవుతుంది.

మెరుపు కనబడగానే లెక్క మొదలుపెట్టండి. ఉరుము వినబడగానే లెక్క ఆపండి. శబ్దం గాలిలో కిలోమీటరు పోవడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అంటే వచ్చిన సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్లు వస్తే 10 కిలోమీటర్లు. లెక్క 30 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే దరువు ఆగాలి, అందరూ లోపలికి వెళ్ళాలి. ప్రపంచమంతా వాడే సూత్రమిది. లెక్కపెట్టడం కుదరకపోతే ఇంకా తేలిక: ఉరుము వినబడితే చాలు, ఆపండి.

‘పది కిలోమీటర్లా? అంత దూరంలో పడే పిడుగుకు ఇక్కడ భయమెందుకు?’ అనిపించవచ్చు. బార్కస్ నుంచి చార్మినార్ అంతకంటే దగ్గరే. చార్మినార్ అవతల ఎక్కడో పడిన పిడుగు తర్వాతిది మీ నెత్తిన పడదన్న హామీ లేదు. పిడుగు వాన కురుస్తున్న చోటే పడాలన్న నియమమూ లేదు. వాన పడే చోటి నుంచి 10, 15 కిలోమీటర్ల దూరంలో కూడా పడగలదు. కాబట్టి ‘చినుకైనా పడలేదు’ అన్న చాచా మాటకు ఇక్కడ విలువ లేదు. వాన మొదలయ్యాక పరుగెత్తేవాడు ఆలస్యం చేసినట్టే.

మబ్బులకు ఓపిక తక్కువ. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వీళ్ళలో ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద, ఆరుబయట పనిలో ఉన్నవాళ్ళే. బరాత్ కూడా ఆరుబయటే.

పెళ్ళి రోజు మధ్యాహ్నం నుంచే ఒకరి ఫోన్‌లో ‘దామిని’ యాప్ తెరిచి ఉంచండి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ఈ యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు ఇచ్చే తక్షణ హెచ్చరికలూ చూడండి.

రెండు: ఆపేవాడు లయకు బయట ఉండాలి

వాయించేవాళ్ళకు ఉరుము వినబడదు. ఆడేవాళ్ళకు మెరుపు కనబడదు. పెళ్ళి పెద్దకు వంద పనులు. కాబట్టి ఆపే మనిషి వీళ్ళలో ఎవరూ కాకూడదు. చప్పుడుకు కాస్త దూరంగా, వెలుగుకు ఎడంగా, ఆకాశం చూడగలిగిన చోట నిలబడేవాడు కావాలి. ఇంట్లో నిదానస్తుడైన బావమరిదో, మేనల్లుడో ఉంటాడు. అతనికి ఆ రాత్రి ఇదొక్కటే పని.

అతనికి రెండు ఇవ్వండి. మొదటిది అధికారం: అతను చేయెత్తితే ఉస్తాద్ ఎవరినీ అడగకుండా ఆపేయాలి. దరువులో మాట వినబడదు కనుక చేతి సైగ ముందే అనుకోవాలి. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే అందరికీ కనబడుతుంది. రెండోది అండ: పెళ్ళి పెద్ద నలుగురి ముందు, ‘ఈ రాత్రి వీడి మాటే నా మాట’ అని చెప్పాలి. అలా చెప్పని అధికారం కాగితం మీదే మిగులుతుంది.

ఇక్కడే లైటు కూలీలను గుర్తు పెట్టుకోండి. ఊరేగింపులో అందరికంటే ఎత్తైన ఇనుప చట్రం మోసేది వాళ్ళు. ఒకరికొకరు తీగతో కలిసి ఉండేది వాళ్ళు. అందరికంటే గొంతు చిన్నదీ వాళ్ళదే. దరువు ఆగగానే కుర్రాళ్ళు హాల్లోకి పరుగెడతారు, వాళ్ళు మాత్రం లైట్లు పట్టుకుని రోడ్డు మీదే నిలబడతారు, ఎవరూ దించమనలేదని. ఆపే మనిషి మొదటి మాట వాళ్ళతోనే మాట్లాడాలి: ‘అన్నా, దించేసి లోపలికి రండి.’

మూడు: డబ్బు సంగతి బయానా రోజే తేల్చండి

ఉస్తాద్ ఆపకపోవడానికి చాలాసార్లు అసలు కారణం ధైర్యం కాదు, బకాయి. గంట కొట్టాల్సింది అరగంటే కొడితే మిగతా డబ్బు ఇస్తారో లేదో, దూల్హా తల చుట్టూ తిప్పి ఇచ్చే నోట్లు పోతాయేమో అన్న భయం. ఈ భయాన్ని రోడ్డు మీద తీర్చలేం. బయానా ఇచ్చిన రోజే తీర్చాలి.

మీరు పెళ్ళివారైతే ఇలా అనండి: ‘ఉస్తాద్, ఉరుముల వల్ల ఆపాల్సి వస్తే మీ డబ్బు మీకే. ఆగిన టైము తర్వాత కలుపుదాం, కుదరకపోతే వదిలేద్దాం.’ మీరు వాయిద్యగాళ్ళైతే మీరే ముందు అడగండి: ‘సాబ్, మెరుపులొస్తే మా వాళ్ళను ఆపేస్తాను. ఆ టైముకు పైసలు కోయకూడదు.’ అడిగితే బేరం పోతుందని జంకకండి. నాలుగు మాటలు ముందే తేల్చుకునే బ్యాండును పెద్దలు ఎక్కువ నమ్ముతారు.

ఏ పనిలోనైనా ఇదే చూడండి. ఆపితే ఎవరికి నష్టం? ఆ నష్టం ఎవరు భరించాలి? ఈ రెండూ ముందే తేలితే మనిషి నిజం చెబుతాడు.

నాలుగు: ఎక్కడికి వెళ్ళాలో తెలిసి ఉండాలి

‘ఆగండి’ అంటే జనం ఆగరు. ‘ఇటు రండి’ అంటే కదులుతారు. అందుకే చోటు ముందే చూసి పెట్టుకోవాలి.

నాలుగు గోడలూ స్లాబూ ఉన్న హాలు మంచిది. తలుపులు వేసిన, ఇనుప టాపు ఉన్న కారూ బస్సూ మంచివే, అద్దాలు ఎక్కించాలి. షామియానా పనికిరాదు. గుడ్డ పిడుగును ఆపదు, దాని ఇనుప గొట్టాలు ఇంకా ప్రమాదం. చెట్టు కింద వద్దు. ఆటో, బైకు, వెనకాల తెరిచి ఉన్న డీసీఎం వద్దు. హాలు మెట్ల మీద, వరండాలో నిలబడి వాన చూడటం కూడా బయట ఉన్నట్టే లెక్క.

పిడుగు నేరుగా నెత్తిన పడటం అరుదు. ఎక్కువమందికి దెబ్బ తగిలేది నేల మీదుగా పాకే కరెంటు వల్ల. చెట్టుకో స్తంభానికో తగిలి అక్కడి నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకడం వల్ల కూడా దెబ్బ తగులుతుంది. అందుకే గుంపు గుంపుగా చెట్టు కిందో గొట్టాల పక్కనో చేరినచోట ఒక్క పిడుగు పదిమందిని పడేస్తుంది. ఉరుములు మొదలయ్యాక ఆంప్లిఫయరు వైర్లు పీకడానికి ఎవరినీ పంపకండి. సామాను పోతే కొనుక్కోవచ్చు.

పెద్ద ప్రదర్శనల్లో ఈ ఒక్క తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 2012 ఆగస్టు 4న షికాగో గ్రాంట్ పార్కులో లొల్లపలూజా సంగీతోత్సవం జరుగుతుండగా తుఫాను వస్తోందని తెలిసింది. సుమారు 60 వేలమందిని పంపించేశారు. ఎక్కడికి పోవాలో నిర్వాహకులు ముందే అనుకుని ఉన్నారు: పార్కు పక్కనున్న భూగర్భ పార్కింగ్ గ్యారేజీలు. కొన్ని గంటల తర్వాత గేట్లు తెరిచి అదే సాయంత్రం పాట మళ్ళీ మొదలుపెట్టారు. జర్మనీలోని మెండిగ్ మైదానంలో రాక్ ఆమ్ రింగ్ ఉత్సవం ఇంకో కథ. 2015లో పిడుగులకు 33 మంది గాయపడ్డారు. 2016 జూన్ 3న మళ్ళీ పిడుగు పడి 70 మందికి పైగా గాయపడ్డారు, ఆఖరి రోజు కార్యక్రమం రద్దయింది. ముందే ఆపినచోట ఆ సాయంత్రమే పాట తిరిగి వచ్చింది. పిడుగు పడినచోట ఉత్సవమే ఆగిపోయింది.

ఐదు: మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చాలి

ఆపినవాడిని అందరూ అడిగేది ఒకటే: ‘ఇంకెంతసేపు?’ దీనికి జవాబు లేకపోతే పది నిమిషాల్లో అందరూ బయటికొస్తారు. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు. మధ్యలో మళ్ళీ ఉరిమితే లెక్క మొదటి నుంచి. వాన తగ్గిందా లేదా అన్నది ప్రమాణం కాదు. తెరిపి ఇచ్చాక వెనకబడ్డ మబ్బు నుంచి పిడుగు పడటం కొత్తేమీ కాదు.

ఆ అరగంటను ఖాళీగా వదలకండి. ఆపడం అంటే రద్దు చేయడం కాదు, వరస మార్చడం. బరాత్ తర్వాత పెట్టాల్సిన భోజనాలు ముందు పెట్టండి. ఫొటోలు కానివ్వండి. హరీస్ గిన్నె మూత తీశాక ‘బరాత్ ఎందుకు ఆగింది’ అని అడిగేవాళ్ళు తగ్గుతారు. ఆపే మనిషి చెప్పాల్సిన వాక్యం కూడా ముందే రాసుకోండి: ‘అరగంట ఆగుదాం, ఈలోగా భోజనాలు కానిద్దాం, తర్వాత మర్ఫా మళ్ళీ మోగుతుంది.’

అయినా పిడుగు తగిలితే

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అపోహ, ఆ అపోహ ఖరీదు ప్రాణం. వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రమాదం ఇంకా ఉంటే ముందు మనిషిని లోపలికి తీసుకురండి.

చాలామంది ఒకేసారి పడిపోతే మామూలు పద్ధతి తలకిందులవుతుంది. మూలుగుతున్నవాళ్ళు సాధారణంగా బతుకుతారు. చలనం లేకుండా, ఊపిరి లేకుండా పడి ఉన్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. వాళ్ళ గుండె ఆగి ఉండవచ్చు, దాన్ని తిరిగి కొట్టించే అవకాశం ఆ మొదటి నిమిషాల్లోనే ఉంటుంది. ఛాతీ మధ్యలో అరచేతి మడమ పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్ళేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నేర్చుకున్నవాళ్ళు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వాలి. ఈ వేగం తప్పకుండా పట్టుకోవడం కొత్తవాళ్ళకు కష్టం. డోలు వాయించేవాళ్ళకు లయ చేతుల్లోనే ఉంటుంది. అందుకే ప్రతి బ్యాండులో కనీసం ఇద్దరు సీపీఆర్ శిక్షణ తీసుకోవాలి.

పెళ్ళి బయట

ఈ ఐదు ముక్కలనూ మీ జీవితంలో ఊపులో ఉన్న పని మీద పెట్టి చూడండి. షేర్లలో నష్టపోతున్నారా? ‘ఇంకాస్త చూద్దాం’ అనేది అంకె కాదు. ఎంత పోతే ఆపుతారో కొనే రోజే రాసుకోండి. గ్రూప్-1కు చదువుతున్నారా? ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు దాకా అన్నది మొదటి నోటిఫికేషన్ రోజే ఇంట్లో మాట్లాడుకోండి, ఆపితే పట్టుకోవాల్సిన ఉద్యోగం ఏదో కూడా. రాత్రి కారు నడుపుతున్నారా? మొదటి ఆవలింతకు ఆపుతానని బయల్దేరే ముందే పక్క సీటులో ఉన్న మనిషికి చెప్పండి, ఆపమనే హక్కు ఆ మనిషికి ఇవ్వండి. ప్రతిచోటా అవే ప్రశ్నలు: గుర్తు ఏమిటి, చెప్పేది ఎవరు, నష్టం ఎవరిది, ఎక్కడికి వెళ్ళాలి, మళ్ళీ ఎప్పుడు.

ఈ వారం చేయాల్సినవి

1. మీరు ఇప్పుడు ఊపులో ఉన్న పని ఒకటి ఎంచుకుని, పై ఐదు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాయండి. అంకె లేని జవాబును కొట్టేసి మళ్ళీ రాయండి.

2. ఆ పనిలో మీ ఊపుకు బయట ఉన్న ఒక మనిషి పేరు రాసి, ఆపమని చెప్పే హక్కు ఇస్తున్నానని అతనికే చెప్పండి.

3. ఇంట్లో పెళ్ళో, ఊరేగింపో, సభో ఉంటే ఫంక్షన్ హాలుకు వెళ్ళి నాలుగు గోడల చోటు ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో చూసి రండి.

4. బ్యాండు, లైట్ల వాళ్ళతో బయానా రోజే ఆపే మాట మాట్లాడండి.

చివరగా, ఇది మరచిపోకండి. ఒక రాత్రి మీ మేనల్లుడు చేయెత్తుతాడు, మర్ఫా ఆగుతుంది, అందరూ లోపలికి వస్తారు. అరగంట గడుస్తుంది. చినుకు పడదు, పిడుగు పడదు, మబ్బు పక్కకు పోతుంది. అప్పుడు అందరూ అతని వంక చూసి నవ్వుతారు, ‘భలే భయపెట్టావురా’ అని. ఆ నవ్వులో మీరు కలవకండి. నలుగురి ముందు అతని భుజం తట్టి ‘మంచి పని చేశావు’ అనండి. పిడుగు పడని రాత్రి మీరు అతనికిచ్చిన మర్యాదను బట్టే, పడబోయే రాత్రి అతను చేయెత్తుతాడో లేదో తేలుతుంది.